స్వామి పటం వెనక వరస

ఫిబ్రవరి 28, బుధవారం

విశ్వాసం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. జ్వరమై ఉంటుంది.

ఫ్యాక్టరీ తాళంచెవి నిన్న సాయంత్రం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు. రోజూ వెంట తీసుకుపోతాడు, పొద్దున్నే వచ్చి తెరిచేది తనే కాబట్టి. మరిచిపోయి పెట్టినట్టున్నాడు.

ఫిబ్రవరి 29, గురువారం

రాలేదు.

మార్చి 1, శుక్రవారం

పద్మమ్మ, సామ్రాజ్యం వచ్చారు. రాళ్ళు రుద్దేవాళ్ళు వచ్చి ఏం లాభం, చెక్కేవాడు లేకపోతే రుద్దడానికి ఏముంది. పొద్దుటి నుంచి పాత ముక్కలు సర్దుతూ కూర్చున్నారు. సామ్రాజ్యానిది విశ్వాసం వాళ్ళ ఊరే, దొనకొండ అవతల. ఇద్దరిదీ ఒకే చర్చి.

"ఏంది, విశ్వాసం సంగతి?" అని అడిగాను.

"ఊర్లోనే ఉండాడమ్మా."

"జ్వరమా?"

"జ్వరమేం లేదమ్మా" అని మళ్ళీ ముక్కల మీదికి వంగింది.

ఈ కాలంలో పనివాళ్ళను ఒక్క మాట అనకూడదు. మా అత్తగారి హయాంలో అయితే పొద్దున తిట్టేది, మధ్యాహ్నం మజ్జిగ పోసేది, అక్కడికి సరి. విశ్వాసం తల్లి కరుణమ్మను ఎన్ని తిట్లు తిట్టిందో లెక్కలేదు. ఆమె పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తూ తనలో తను నవ్వుకునేది. మేము బడి పలకలు మానేసి పేర్లు చెక్కే పనిలోకి దిగేదాకా, ఆమె చేతులు వణికేదాకా, మా దగ్గరే చేసింది. నేను అన్నది ఆ తిట్లలో పదోవంతు కూడా కాదు.

మార్చి 2, శనివారం

కరుణమ్మ రాయి గురించి పొద్దున్నే ఆయనతో గొడవ. సంగతి వరుసగా రాసుకుంటే నాకైనా స్పష్టంగా ఉంటుంది.

కరుణమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఈ పదహారున వాళ్ళ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజే సమాధి మీద రాయి నిలబెడతారు. పని అయిపోయాక, కంప్యూటర్‌తో నడిచే మా చెక్కుడు మెషిన్ మీద అమ్మ పేరు చెక్కుకుంటానని విశ్వాసం అడిగాడు. రాయి నేనే ఇచ్చాను. గొడౌన్‌లో ఉన్నవాటిలో పొర లేని నల్లది వేలుపెట్టి మరీ చూపించాను. ఎంత సంతోషపడ్డాడో. శిలువ, పేరు చెక్కాడు. కింద భర్త పేరు, ఊరు, తేదీలు, పిల్లల పేర్లు మిగిలిపోయాయి.

ఆ రాయి మెషిన్ బల్లకు బిగించి ఉంది. విప్పితే మళ్ళీ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోదు. పై వరస ఒకదారి, కింది వరస ఒకదారి అవుతాయి. ఆయనేమో విప్పి పక్కన పెట్టి, కంభం రోడ్డు హోటలు బోర్డు ఎక్కించాలంటారు.

"ఎవరు చెక్కుతారు?" అన్నాను.

"నేను చెక్కుతా. మీట నొక్కితే అదే తిరుగుతాది. బ్రహ్మవిద్యా ఏంది?"

బోర్డు మీద 'ఉమామహేశ్వర్లు స్టోన్ వర్క్స్' అని తన పేరే ఉంది కనుక అన్నీ తనకు వచ్చనుకుంటారు. హోటలువాళ్ళు పంపిన బొమ్మ దించుకోవాలని నెట్ వైరు తెచ్చి మెషిన్ కంప్యూటర్‌కే తగిలించారు. దానికి నెట్ పెట్టొద్దని విశ్వాసం ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. ఆ మాటే గుర్తుచేశాను.

"వాడు పోయినాక గూడ వాడి మాటేనా" అన్నారు.

మధ్యాహ్నమంతా నెట్ ఉంది. సాయంత్రం ఆపి మళ్ళీ వేస్తే తెర మీద ఎప్పటిలా స్వామి పటం వచ్చింది, తర్వాత కంప్యూటర్ మామూలుగానే లేచింది. చెక్కే ప్రోగ్రాం మాత్రం తెరుచుకోవడం లేదు. ఎర్రగా ఏదో చూపించి మూసుకుపోతోంది.

బ్రహ్మవిద్య ఏమయిందని నేను అడగలేదు. అడగాలని మాత్రం నోరు దురదపెట్టింది.

మార్చి 4, సోమవారం

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. మౌసు అటూ ఇటూ తిప్పి, "ఇది విండోస్ గాదమ్మా, లైనక్స్. ఫార్మాట్ కొట్టేసి విండోస్ వేసుకుందాం" అన్నాడు. అతని దగ్గర ఉన్న మందు అదొకటే. మరి లోపల ఉన్న కరుణమ్మ రాయి ఫైలు ఏమవుతుందన్నాను. అన్నీ పోతాయన్నాడు, అదేదో మంచి కబురు చెప్పినట్టు.

వద్దన్నాను. ఆయన అన్నం తిని పడుకున్నారు.

మార్చి 5, మంగళవారం

రాస్తాను. ఎవరు చూడబోతున్నారు గనక.

పొద్దున్నే దుకాణం తీసినా, ఫ్యాక్టరీ తీసినా మొదట కంటబడేది దేవుడి మొహం కావాలి. అత్తగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి. విశ్వాసం కంప్యూటర్ వేస్తే మొదట వచ్చేది నల్ల తెర, దాని మీద తెల్లటి ఇంగ్లీషు వరసలు. కింది బాణం నొక్కుకుంటూ పోయి ఒక వరస దగ్గర ఆగి ఎంటర్ కొట్టేవాడు. అప్పుడుగానీ మెషిన్ పనికి సిద్ధమయ్యేది కాదు. అగరొత్తులు వెలిగించి తలెత్తితే ఆ నలుపు. నాకు కిట్టేది కాదు. దీపావళికి చెన్నకేశవస్వామి పటం అక్కడ పెట్టమన్నాను. ఆ నల్ల లిస్టు నాకు కనపడకూడదన్నాను.

"పటం పెడతానమ్మా. లిస్టు మాత్రం ఉండనీండి" అన్నాడు విశ్వాసం. "దాంట్లో రెండు రకాల కెర్నెల్లు ఉండాయి. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి ప్రాణం లాంటిది. ఒకటి మామూలు పనికి, ఒకటి మన మెషిన్‌కి. మెషిన్‌ది క్షణం గూడ తడబడకుండా సైగ ఇస్తాది. ఏ ప్రాణం పోసి లేపాల్నో ఆ లిస్టులోనే చెప్పాల."

"రోజూ చెప్పేదేదో ఒకసారే చెప్పి పెట్టు."

"పెట్టొచ్చు. వరస మారిందంటే మాత్రం తప్పుది లేస్తాది."

"మారితే అప్పుడు చూద్దాంలే."

సరేనని చేశాడు. కంప్యూటర్ వేయగానే స్వామి. కాసేపు దర్శనమిచ్చి లోపలికి పోయేవాడు. నాకు కడుపు నిండిపోయేది. ఇన్ని నెలలు అలాగే నడిచింది.

పోయిన మంగళవారం పొద్దున నేను పోయేసరికి మళ్ళీ నల్ల తెర, తెల్ల వరసలు. స్వామి లేడు. విశ్వాసం బాణం నొక్కుతున్నాడు.

"స్వామి ఏడీ?"

"తీసినానమ్మా. మొన్న అయ్య నెట్ పెట్టినారు, దాంతో వరస—"

నేను చెప్పనివ్వలేదు. మాట అనేశాను. సరిగ్గా ఏమన్నానో గుర్తులేదు, కోపంలో ఉన్నాను.

గుర్తుంది. "మా దేవుడి మొహం పొద్దున్నే చూడాల్సొస్తాదని తీసేసినావా? మీ వాళ్ళంతా ఇంతేలే. మా ఉప్పు తింటారు గానీ మా దేవుణ్ణి ఓర్వలేరు" అన్నాను.

పద్మమ్మ, సామ్రాజ్యం అక్కడే ఉన్నారు.

విశ్వాసం "సరేనమ్మా" అన్నాడు. కూర్చుని ఏదో టైపు చేసి ఆపి మళ్ళీ వేశాడు. స్వామి వచ్చాడు. ఆ రోజంతా పని చేశాడు. సాయంత్రం తాళంచెవి టేబుల్ మీద పెట్టాడు.

అంతే జరిగింది. పొద్దున్నే కోపంలో వచ్చిన మాట. దానికి ఇంత పట్టింపు దేనికో నాకు అర్థం కాదు.

మార్చి 6, బుధవారం

ఈ రోజు ఫోన్ ఎత్తాడు.

"బాగుండావా విశ్వాసం?"

"బాగుండానమ్మా. మీరు, అయ్య?"

అన్నీ అడిగాడు. నా మోకాలి నొప్పి కూడా అడిగాడు. నేను పిల్లల చదువు అడిగాను. మెషిన్ సంగతి అడగడానికి నోరు రాలేదు. అతన్ని అడిగితే పవర్ వేసినంత సేపట్లో చెప్పేస్తాడు, చెప్పనని అనే మనిషి కాదు. కానీ ముందు అడగాల్సింది వేరే ఉంది. అది అడగకుండా ఇది అడిగితే నాకన్నా సిగ్గులేనిది ఉండదు. అది అడగనూ లేకపోయాను.

"అమ్మ రాయి విప్పి పక్కన పెట్టండమ్మా. దాని వల్ల మీ పని ఆగిపోతాది" అన్నాడు చివర్లో.

"కూడికకు ఏం పెడతావు మరి?"

"సిమెంటు పోసి మేకుతో రాసుకుంటాం. మా ఊర్లో శానామందికి అట్లనే ఉంది."

విప్పనని చెప్పి పెట్టేశాను. ఎందుకు అంత గట్టిగా చెప్పానో.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. ఉపవాసం. గుళ్ళో నిలబడితే దేవుడి మొహం చూడబుద్ధి కాలేదు, కళ్ళు మూసుకుని వచ్చేశాను.

గిద్దలూరులో మా చిన్నమ్మ కూతురు సీతారత్నానికి ఫోన్ చేశాను. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆదివారం వస్తానంది. "ఎవురినీ ముట్టుకోనియ్యొద్దు, అంటు మాదిరి చూసుకో" అంది నవ్వుతూ.

మార్చి 10, ఆదివారం

సీతారత్నం పొద్దున రైలుకు దిగింది. ఆయన నన్ను చూసి "డాక్టరమ్మ వచ్చింది, రోగి ఎక్కడ" అన్నారు. వారం రోజులకు మొదటిసారి నవ్విన మనిషి. ఫ్యాక్టరీకి మేమిద్దరమే వెళ్ళాం.

నేను జరిగిందంతా చెప్పాను. ఆ మాట ఒక్కటి తప్ప.

కంప్యూటర్ వేసింది. స్వామి వచ్చాడు.

"అక్కా, ఈయన కనపడతా ఉన్నప్పుడే ఎస్కేప్ నొక్కాల. అప్పుడు లిస్టు బయటికొస్తాది. దాన్నే గ్రబ్ అంటారు. పవర్ రాగానే ముందు లేచేది అదే. అది లేచి, ఏ కెర్నెల్ లేపాల్నో చూసి, దాన్ని లేపి, తను పక్కకు పోతాది. నువ్వు లిస్టును దాపెట్టించినావు అంతే, తీసేయలేదు. నొక్కు."

నొక్కాను.

లిస్టు వచ్చింది. స్వామి మీదే వచ్చింది. తెల్ల అక్షరాలు స్వామి నామం మీద నుంచి, కళ్ళ మీద నుంచి, పెదవుల మీద నుంచి అడ్డంగా పరుచుకున్నాయి. ఎంచుకున్న వరస కింద పట్టీ సరిగ్గా స్వామి నోటి మీద పడింది. బాణం నొక్కితే ఆ పట్టీ గొంతు మీదికి, గుండెల మీదికి జారింది.

"ఏందక్కా, అట్ల నిలబడినావు?" అంది.

"ఇది ఎప్పుడూ ఇట్లనే వస్తాదా? పటం మీదనే?"

"వెనకాల బొమ్మ పెడితే రాతలు దాని మీదనే పడతాయి. ఇంకెక్కడ పడతాయి? లిస్టు చూపించాలంటే బొమ్మ తీసేయడమే. దేవుడి బొమ్మ అయితే ఎవురైనా తీస్తారు. మొహం మీద ఇంగ్లీషు ముక్కలు రాయించుకుంటాడా స్వామి?"

తీసినానమ్మా అన్నాడు విశ్వాసం ఆ రోజు. స్వామి మొహం మీద రాతలు పడకుండా తీశాడు. నాకు స్వామి మీద ఉన్నంత గౌరవం అతనికీ ఉందని ఎలా చెప్పాలి, అతనికి ఉన్నంత గౌరవం నాకే లేదు. నేను స్వామిని పొద్దున్నే నా కళ్ళకు కావాలనుకున్నాను. స్వామికి ఏం కావాలని అతను చూశాడు.

నాకు ఏడుపు వచ్చింది. సీతారత్నం మెషిన్ పాడైందని ఏడుస్తున్నాననుకుంది.

"బాగయితాదిలే అక్కా. ఇట్ల చూడు. మీవాడు పేరు పెట్టకుండా నెంబరు పెట్టినాడు. ఫలానా నెంబరు వరసను లేపు అని. బావ నెట్ పెట్టేసరికి కొత్త కెర్నెల్ వచ్చి పైన కూచుంది. రేషన్ దుకాణం కాడ మూడో మనిషిని పిలువు అన్నావనుకో, ముందర ఒకరు దూరితే ఎవురు పలుకుతారు? వేరే మనిషే గదా. అదే అయింది."

కింద మెషిన్ కెర్నెల్ ఎంచుకుని ఎంటర్ కొట్టించింది. చెక్కే ప్రోగ్రాం తెరుచుకుంది. కరుణమ్మ ఫైలు అక్కడే ఉంది.

పోయేటప్పుడు రైల్వే స్టేషన్లో ఆ మాట కూడా సీతారత్నానికి చెప్పేశాను. రైలు వచ్చాక, "నెంబరు సరిచేసినట్టు గాదక్కా అది" అని ఎక్కేసింది.

మార్చి 11, సోమవారం

సీతారత్నం ఫోన్‌లో చెబుతుంటే నేనే చేశాను. గ్రబ్ సెట్టింగుల ఫైలు తెరిచాను. నెంబరు తీసి మెషిన్ కెర్నెల్ పూర్తి పేరు రాయించింది. ఇప్పుడు ముందు ఎవరు దూరినా పేరున్నదే పలుకుతుంది. దాచమన్న వరస దగ్గర చూపించమని మార్చాను. లిస్టు పది సెకన్లు నిలబడి ఉంటుంది, ఎవరైనా చూసి ఎంచుకోవచ్చు. పటం ఉన్న వరస తీసేశాను. ఆ తర్వాత మార్పులన్నీ గ్రబ్‌కి తెలిసేలా ఒక ఆజ్ఞ కొట్టాలట. ఫైల్లో మార్చి ఆ ఆజ్ఞ కొట్టకపోతే ఏదీ మారదట. రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారికి సరిగ్గా కొట్టాను. గబగబా వరసలు పరుగెత్తి ఆగిపోయాయి.

ఆపి మళ్ళీ వేశాను. నల్ల తెర, తెల్ల వరసలు. మెషిన్ కెర్నెల్ మీద పట్టీ ఉంది. ఇన్నేళ్ళూ కళ్ళు తిప్పుకున్నది దీని మీద నుంచా అనిపించింది. చూడగా చూడగా ఏమంత భయంగా లేదు.

బజారుకు పోయి స్వామి పటం చట్రం కట్టించి తెచ్చి, మెషిన్ పైన గోడకు కొట్టించాను. తలుపు తెరవగానే అదే కనపడుతుంది. ఈ పని దీపావళికి చేసి ఉండొచ్చు. పటానికి గోడ ఉందన్న బుద్ధి అప్పుడు నాకు పుట్టలేదు. ఇంత తేలిక పని కోసం ఒక మనిషిని పోగొట్టుకున్నాను.

మార్చి 12, మంగళవారం

ఆయనకు చెప్పాను. కరుణమ్మ రాయి అయ్యేదాకా ఇంకే రాయీ ఎక్కదని. "చెక్కేది ఎవురు?" అన్నారు. నేనే అన్నాను. ఎగతాళి చేస్తారనుకున్నాను, చేయలేదు. హోటలువాళ్ళకు ఫోన్ చేసి ఇంకో వారం అడిగారు.

మార్చి 13, బుధవారం

చెక్కాను.

విశ్వాసం ఎప్పుడూ ముందు మెషిన్ చెక్కే సూదిని రాయికి తగలకుండా పైపైన నడిపించి చూసుకునేవాడు, దారి తప్పితే తెలిసిపోవాలని. నేనూ అలాగే గాలిలో ఒకసారి నడిపించాను. అక్షరాల దారి సరిగ్గా పేరు కింద నుంచే మొదలైంది. పద్మమ్మ మెషిన్ పక్కన నిలబడి, ఆపాల్సి వస్తే ఆపడానికి మీట మీద చెయ్యి పెట్టుకుంది. సామ్రాజ్యం రాయి మీద నీళ్ళు పోసింది, దుమ్ము లేవకుండా. సూదిని రాయి మీదికి దించాను.

భర్త పేరు వచ్చింది. ఊరు వచ్చింది. తేదీలు వచ్చాయి. పిల్లల పేర్లలో విశ్వాసం పేరు మొదటిది. అది చెక్కుతున్నంతసేపూ సామ్రాజ్యం ఆగకుండా నీళ్ళు పోసింది, కొంచెం ఎక్కువగానే.

కడిగి చూస్తే తేడా తెలుస్తోంది. పైన అతను చెక్కినవి లోతుగా ఉన్నాయి. నేను చెక్కినవి పైపైన ఉన్నాయి. ఎక్కడ అతను ఆపాడో, ఎక్కడ నేను మొదలుపెట్టానో ఎవరికైనా కనపడుతుంది. సరిదిద్దబోతే మొదటికే మోసం వస్తుందని వదిలేశాను.

"రాయి అయిందని విశ్వాసానికి చెప్పు. నేనే తీసుకొస్తానని చెప్పు" అన్నాను సామ్రాజ్యంతో.

"చెప్తానమ్మా."

"ఆ రోజు నేనన్నది... వాళ్ళింట్లో ఏమనుకుంటున్నారు?"

"నేనెవురికీ చెప్పలేదమ్మా. చెప్పొద్దని విశ్వాసమే అన్నాడు" అంది.

మార్చి 15, శుక్రవారం

రేపు. ఎలా మొదలుపెట్టాలో పది రకాలుగా అనుకున్నాను. 'విశ్వాసం, నేను తప్పు మాట అన్నాను' అంటే చాలదా. అందరి ముందు అనాలి. అన్నది నలుగురి ముందే కాబట్టి క్షమించమని అడగడం కూడా నలుగురి ముందే జరగాలి. అదే న్యాయం.

మార్చి 16, శనివారం

ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాను. రాయకపోతే నిద్ర పట్టదు.

ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి రాయి పడుకోబెట్టుకుని పోయాం, నేను, సామ్రాజ్యం. ఆయన రాలేదు, హోటలు పని చూసుకుంటానన్నారు. చర్చి ముందు షామియానా వేశారు. విశ్వాసం ఎదురొచ్చాడు. చిక్కిపోయాడు. అయిదారుగురు కలిసి రాయి దించారు. అతను మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాల మీద వేలు నడిపించాడు. పేరు దాటి కిందికి రాగానే వేలు ఆగింది.

"ఈడినుంచి మీరు చెక్కినారా అమ్మా?"

"అవును. లోతు తగ్గింది."

"కనపడదులేమ్మా. పవర్ వేయగానే ఏది లేస్తా ఉంది ఇప్పుడు?"

"మెషిన్‌దే. పేరు పెట్టినాను. లిస్టు కనపడేట్టు చేసినాను. విశ్వాసం, స్వామి మొహం మీద రాతలు పడడం నేను చూసినా. నువ్వెందుకు తీసినావో—"

అతను లేచాడు. జనం నుంచి కొంచెం దూరంగా, చర్చి పక్క గోడ దగ్గరికి నన్ను తీసుకుపోయాడు.

"అమ్మా, ఒక మాట. పని మానుకున్న సంగతి ఇంట్లో వేరే తీరుగ చెప్పినా. చీమకుర్తిలో గ్రానైటు కంపెనీలో జీతం ఎక్కువిస్తామన్నారు, పో నాయనా బాగుపడు అని మీరే పంపించినారని చెప్పినా. మా ఆవిడికి గూడ అంతే తెలుసు."

"ఎందుకు అట్ల చెప్పినావు? నేను అందరి ముందర చెప్పుకుందామని వచ్చినా. తప్పు నాది."

"మీరట్ల చెప్పగూడదనే అడుగుతా ఉండా. మా అమ్మ బతుకంతా మీ ఇంట్లోనే చేసింది. ఈ ఊర్లో ఎవురితో మాట్లాడినా మీ ఇంటి సంగతే చెప్పేది, గొప్పగా. ఆయమ్మ అంత నమ్మిన ఇంట్లో ఆ మాట వచ్చిందని ఈ రోజు ఆయమ్మ సమాధి కాడ తెలియగూడదమ్మా. ఆయమ్మను అట్లనే ఉండనీండి."

సరేనని తల ఊపాను.

"నాకు మీ మీద ఏం లేదు" అన్నాడు. మళ్ళీ తనే, "ఉండింది. ఇప్పుడు దాని గురించి వద్దు. రాండి, పాస్టరుగారు పిలుస్తా ఉండారు" అన్నాడు.

సామ్యేలు పాస్టరు ప్రార్థన చేశాడు. పాటలు పాడారు. రాయి నిలబెట్టారు, ముసలివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి దాన్ని తాకి కళ్ళకు అద్దుకున్నారు. తర్వాత పాస్టరు నా పేరు పిలిచాడు. ముందుకు రమ్మన్నాడు. కరుణమ్మగారిని కన్నబిడ్డలా చూసుకున్న ఇల్లు, ఆమె కొడుకు మేలు కోరి పంపిన ఇల్లు, మతం ఏదని చూడకుండా తన చేతులతో ఈ రాయి చెక్కి తెచ్చిన తల్లి అని చెప్పాడు. విశ్వాసం భార్య నాకు శాలువా కప్పింది. కప్పి, నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఎవరో ఫోన్‌లో ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. విశ్వాసం కూడా కొట్టాడు.

నేను ఆ శాలువాతో నిలబడ్డాను. నోరు తెరిస్తే కరుణమ్మ పరువు పోతుంది. తెరవకపోతే నాది కాని పేరు నాకు వస్తుంది. తెరవలేదు. ఇంతకన్నా అతను నా మొహం మీద నాలుగు మాటలు అని ఉంటే, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేదాన్ని.

భోజనానికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. విశ్వాసమే వడ్డించాడు. చీమకుర్తి పని సోమవారం మొదలట. అది మాత్రం అబద్ధం కాదు, నిజంగానే వెతుక్కున్నాడు.

మార్చి 17, ఆదివారం

శాలువా చూసి ఆయన "మంచిదే, మనకు ఊర్లో పేరొచ్చింది" అన్నారు. సామ్రాజ్యం ఫోన్ నుంచి ఫోటో తెప్పించుకుని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి బంధువులు ఒకటే ఫోన్లు. నీ మనసు ఎంత పెద్దదని సరోజమ్మ వదిన ఏడుపు గొంతుతో అంది. అవునని అనలేదు, కాదని అనలేదు.

మార్చి 18, సోమవారం

పొద్దున్నే నేనే తాళం తీశాను. హోటలు బోర్డు ఎక్కించాం. మెషిన్ బాగానే నడిచింది.

ఆయన ఆ ఫోటో పెద్దది చేయించి, అద్దం వేయించి, మధ్యాహ్నానికి ఆఫీసు గదిలో తగిలించారు. పద్మమ్మ పరుగెత్తుకొచ్చి చూసి, మహాలక్ష్మిలా ఉన్నానంది. సామ్రాజ్యం గుమ్మం దగ్గర నుంచి చూసింది.

"బాగా పడినారమ్మా" అంది.

నా మొహం వైపు చూడలేదు. పోయి తన రాయి ముందు కూర్చుంది. ఆ రోజు నా మాట విన్నది కూడా ఇక్కడే, ఈ రాయి ముందే కూర్చుని విన్నది. విశ్వాసానికి ఎలా చెప్పుకోవాలా అని ఇన్ని రోజులు కొట్టుకున్నాను. ఈమె ప్రతి రోజూ నా ఎదురుగా ఉంది. రాయి మీద నీళ్ళు పోసింది. నా వెంట ఆటోలో వచ్చింది. ఈమె ఒకతె ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

సాయంత్రం పద్మమ్మ వెళ్ళిపోయాక దగ్గరికి పోయి నిలబడ్డాను.

"సామ్రాజ్యం, ఆ రోజు ఆ మాట నిన్ను గూడ అన్నట్టే గదా."

రుద్దడం ఆపలేదు.

"అవునమ్మా" అంది.